మామ వద్దన్న వీడియోలు

మొన్న జగిత్యాల నుంచి కోరుట్ల వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి చెవుల్లో తీగలు పెట్టుకుని ఫోన్లో ఏదో చూస్తుంటే, సినిమా కాబోలు అనుకుని చూపు తిప్పుకోబోయి, తెర మీద నల్లబల్ల, దాని మీద లెక్కల్లో వచ్చే సమాకలన గుర్తు కనిపించడంతో ఆగిపోయాను. పాఠం చెప్పే ఆయన చేతులు మామూలు మనిషి చేతుల్లా కాక ఉరుకుల మీద కదులుతున్నాయి. అడిగితే, సారు మరీ నిదానంగా చెబుతాడని, అందుకే రెండింతల వేగంతో పెట్టుకున్నానని చెప్పింది. సారుది ఏ ఊరని అడిగాను. తెలియదంది. తెలియాల్సిన అవసరం ఉందని ఆ అమ్మాయికి తోచినట్టు లేదు. మేడిపల్లి దాటాక నేను కిటికీ వైపు తిరిగాను. నాకు మా మామ గుర్తొచ్చాడు.

ఆయన మా అమ్మకు చిన్న తమ్ముడు, కోరుట్లలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పేవాడు. నేను చెప్పబోయేది ప్రత్యేక రాష్ట్రం కోసం సాగిన సమ్మెలో బస్సులు, ఆఫీసులు, బడులు, కాలేజీలు అన్నీ ఒక్కసారిగా ఆగిపోయిన రోజుల సంగతి. ఆ రోజులు చూసిన నా ఈడు వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. నేను డిగ్రీ తర్వాత మూడేళ్లు సిరిసిల్లలో ఒక చిన్న బడిలో పాఠాలు చెప్పి, ఆలస్యంగా హైదరాబాదు వెళ్లి జర్నలిజం పీజీలో చేరాను. రెండో సంవత్సరంలో డిజిటల్ మీడియా అని ఒక పేపరు ఉండేది. ఆ మాట అప్పటికి మాకే కాదు, చెప్పే మేడమ్‌కు కూడా కొత్తే. ఆ పేపరుకు మూడు ప్రాజెక్టులు చేయాలి. మొదటిది ఫొటోలకు శబ్దం జతచేసి కథ చెప్పడం. నేను మా నాయన నడిపే సాంచాల చప్పుడు రికార్డు చేసి తీసుకెళితే, క్లాసులో అందరూ చెవులు మూసుకున్నారు. మరమగ్గాల మధ్య పుట్టి పెరిగినదాన్ని కనుక, అది మోత అని నాకు అంతవరకు తెలియనే తెలియదు. రెండోది మా అమ్మ, ఇరుగుపొరుగు ఆడవాళ్లు సాంచాలకు నూలు కండెలు చుడుతూ చెప్పుకునే ముచ్చట్లతో ఒక చిన్న చిత్రం. ఆ రెండూ పరవాలేదనిపించుకున్నాయి. మూడోది క్లాసు పాఠాలను వీడియోలుగా తీసి ఇంటర్నెట్లో పెట్టడం, వాటిని ఎవరు చూశారు, ఏమన్నారు అన్నది రాసి చూపడం. సమ్మె మొదలయ్యేసరికి నా చేతిలో ఆ మూడోదే మిగిలింది, దానితో పాటు విభాగం వాళ్లు ఇచ్చిన చిన్న కెమెరా ఒకటి.

విశ్వవిద్యాలయం మూతపడటంతో సిరిసిల్ల చేరాను. కరెంటు కోతలకు సాంచాలు సగం రోజు నిలిచిపోయి, మా వాడ ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా ఉంది. ఊళ్లో ఏ కాలేజీ తెరిచి లేదు, పాఠాలెక్కడివి అని నేను దిగులు పడుతుంటే, మీ మామ ఇంటికి పిల్లలు వస్తున్నారట, అక్కడికి పొమ్మని అమ్మ అంది. బస్సులు లేవు. వేములవాడ దాకా ఒక ఆటో, అక్కడి నుంచి రుద్రంగి దాకా కూరగాయల బండి. రుద్రంగిలో సమ్మెకు మద్దతుగా నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. దిగినవాళ్లకల్లా విస్తరాకులో కిచిడీ పెట్టి, తిన్నాకే ముందుకు కదలనిచ్చారు. కెమెరా సంచీని ఒళ్లో పెట్టుకుని రోడ్డు మధ్య కూర్చుని తిన్న ఆ అన్నం రుచి ఇప్పుడు గుర్తు లేదు కానీ, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో అడిగినవాళ్లు లేరన్నది మాత్రం గుర్తుంది.

కోరుట్లలో అధ్యాపకుల సమ్మె శిబిరానికి మామే పెద్దదిక్కు. పొద్దున వెళ్లి ముందు వరుసలో కూర్చుంటే సాయంత్రానికి గానీ ఇంటికి రాడు. వచ్చి కాళ్లు కడుక్కునేసరికి వాకిట్లో నలుగురు ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని నిలబడి ఉండేవారు. ముగ్గురు ఊళ్లో బీడీలు చేసే వాళ్ల పిల్లలు, నాలుగో అమ్మాయిది బుగ్గారం, పెద్దమ్మ ఇంట్లో ఉండి చదువుకునేది. సమ్మె ఎప్పుడు ముగుస్తుందో తెలియదు, పరీక్షలు ఆగుతాయో లేదో తెలియదు. మామ గోడకు నల్లబల్ల ఆనించి ఓ గంట చెప్పేవాడు. వంపు తిరిగిన గీత కింద వైశాల్యం చెప్పాల్సి వస్తే, వెల్గటూరు దగ్గర గోదావరి వంపులో ఉన్న చెలక భూమిని ఎట్లా కొలుస్తారని అడిగి, దాన్ని సన్నటి పట్టీలుగా కోసి చూపించేవాడు. కొద్దిసేపు చెప్పి, “అర్థమైందా?” అని ఆగి, నాలుగు మొహాలూ వరసగా చూసి, ఏ ఒక్క మొహంలో అనుమానం ఉన్నా మళ్లీ మొదటికి వచ్చేవాడు. ఇంతకంటే మంచి ప్రాజెక్టు నాకు దొరకదని మొదటి సాయంత్రమే తెలిసిపోయింది.

వీడియో తీస్తానంటే ఎందుకని అడిగాడు. ప్రాజెక్టుకు అన్నాను. కొంచెం ఆలోచించి ఒప్పుకుంటూ ఒక్క మాట అన్నాడు.

“మీ మేడమ్‌కు సీడీ ఇచ్చుకో. గని బయట ఎక్కడ వెట్టకు బిడ్డా. నేను సమ్మెల ఉన్న. ఇంటికచ్చిన నలుగురికి చెప్పుడు వేరు, లోకానికి సూపెట్టుడు వేరు.”

సరే మామా అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు అబద్ధమాడే ఉద్దేశం లేదు. పదకొండు రోజులు, పదకొండు పాఠాలు తీశాను. చివరి రోజుల్లో బుగ్గారం అమ్మాయి ఊరికి వెళ్లిపోతూ, “మా ఊర్లె ఇంక ఐదుగురున్నరక్కా, రానీకి బండ్లు లేవు. మా అన్న కంప్యూటర్‌ల ఇంటర్‌నెట్ ఉన్నది, గవి అండ్ల వెడితే మేం సూసుకుంటం” అంది. ఇంటర్నెట్లో పెడితే గానీ ప్రాజెక్టు పూర్తి కాదన్న సంగతి నా మనసులో ఎటూ తొలుస్తూనే ఉంది. ఆ అమ్మాయి కోసం పెట్టానా, మార్కుల కోసం పెట్టానా అని తర్వాత చాలాసార్లు నన్ను నేను అడుక్కున్నాను. రెండూ నిజమే. మామకు చెప్పకుండా, దొరికిన బండి పట్టుకుని జగిత్యాల వెళ్లి, ఒక ఇంటర్నెట్ సెంటర్లో మూడు రోజులు పగలంతా కూర్చుని, ఒక్కో పాఠం గంటకు పైగా తీసుకుంటుంటే, కరెంటు పోయినప్పుడల్లా మళ్లీ మొదలుపెడుతూ, పదకొండూ ఎక్కించాను.

వారం తిరగకముందే వీడియోల సంగతి శిబిరానికి చేరింది. ఆ మధ్యాహ్నం అత్త ఇచ్చిన టిఫిన్ గిన్నె తీసుకుని నేను వెళ్లేసరికి, మామకు ఇరవయ్యేళ్లుగా స్నేహితుడైన ఇంగ్లీషు సారు చాప మీద లాప్‌టాప్ పెట్టి కూర్చుని ఉన్నాడు. చుట్టూ పదిహేను మంది. తెర మీద మామ గోదావరి వంపును పట్టీలుగా కోస్తున్నాడు.

“గీ గొంతు నీదే గదా?” అని ఇంగ్లీషు సారు అడిగాడు. కోపంగా కాదు, కాదని చెబితే బాగుండునన్నట్టు అడిగాడు.

“నాదే.”

“బయట గేటుకు తాళమేసి, లోపట పిల్లలను కూసోవెట్టి నీ పాఠాలు ఏస్తున్నరట, పక్క టౌన్ల ప్రైవేటు కాలేజోళ్లు. మనం ఇన్ని దినాల సంది ఎండకు ఎండుకుంట ఇక్కడ ఎందుకు కూసున్నట్టు చెప్పు? ఎవలు వెట్టిన్రు గిది?”

మామ పాఠం అయిపోయేదాకా చూశాడు. తన పాఠం తాను చూసుకోవడం ఆయనకు అదే మొదటిసారి. తర్వాత తలెత్తి ఒక్కసారి నా వైపు చూశాడు. నేను గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను. నేనే పెట్టాను, మామ వద్దన్నా పెట్టాను అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది. నేను గిన్నె మూత సరిచేసుకుంటూ ఉండిపోయాను.

“నా ఇంట్ల తీసింది, నేను చెప్పిన పాఠం. ఎవలు వెట్టిన్రన్న మాట ఎందుకు? జవాబుదారి నేనే,” అన్నాడు మామ. ఆ మాట అని లేచి, ముందు వరుస నుంచి నడిచి వెళ్లి వెనక చాప చివర కూర్చున్నాడు. వద్దని ఎవరూ అనలేదు. ఇంగ్లీషు సారు లాప్‌టాప్ మూసి చాలాసేపు దాని మీద చెయ్యి పెట్టుకునే ఉన్నాడు.

సాయంత్రం ఇంట్లో ఆయన నన్ను తిట్టలేదు. కాళ్లు కడుక్కుని వచ్చి అరుగు మీద కూర్చుని, “అడుగుతె వద్దంటనని నీకు ఎర్కనే. గందుకే అడుగలె. అంతేనా?” అన్నాడు.

“అంతే మామా. తీసెయ్యాల్నా?” అన్నాను.

“గదొక్కటి నన్ను అడుగుతున్నవా?” అని లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే జగిత్యాల వెళ్లాను. తీసేసే ముందు బుగ్గారం అమ్మాయికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. అవతల నోట్‌బుక్ పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత, “ఇంక మూడు పాఠాలు మిగిలినయక్కా. పగటీలి దాక ఆగుతరా? ఆరుగురం కూసోని రాసుకుంటం” అంది. ఆగాను. మధ్యాహ్నం దాకా ఆ సెంటర్లో ఊరికే కూర్చున్నాను. వీడియోల కింద ఎవరెవరో రాసిన మాటలు చదివాను. వెల్గటూరు నుంచి ఒకరు, సార్ తర్వాతి పాఠం ఎప్పుడు అని అడిగారు. బుగ్గారం నుంచి అయిపోయిందని ఫోన్ వచ్చాక, ఒక్కొక్కటిగా పదకొండూ తీసేశాను. ఎక్కించడానికి మూడు రోజులు పట్టినవి తీసెయ్యడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ పేపరులో నేను అత్తెసరు మార్కులతో బయటపడ్డాను. తెరవడానికి లింకే లేని ప్రాజెక్టుకు అంతకంటే ఎక్కువ ఎవరూ ఇవ్వరు. సమ్మె ముగిశాక మామ పొద్దున ఒక క్లాసు, సాయంత్రం ఒక క్లాసు అదనంగా పెట్టి, ఆదివారాలు కూడా చెప్పి పాఠాలు పూర్తి చేశాడు. బుగ్గారం అమ్మాయి పాసైంది, ఇప్పుడు ఒక పంచాయతీకి కార్యదర్శి. రాష్ట్రం వచ్చిన రోజు కోరుట్ల వీధుల్లో రంగులు చల్లుకున్నప్పుడు ఇంగ్లీషు సారు మామను వెతుక్కుంటూ ఇంటికి వచ్చి కావలించుకున్నాడని అత్త చెప్పింది. ఐనా ఆ తర్వాత ఏ సభలోనూ మామను ఎవరూ ముందుకు పిలవలేదు. ఆయనా వెళ్లలేదు. ఆ సంగతి మా ఇద్దరి మధ్య మాటల్లోకి కూడా రాలేదు. నేను జగిత్యాలలో ఉద్యోగంలో చేరాను, పండక్కో పెళ్లికో కలుస్తూనే ఉన్నాం.

కరోనా వచ్చి కాలేజీలు మళ్లీ మూతపడ్డప్పుడు, పాఠాలు వీడియో తీసి పంపమని అధ్యాపకులందరికీ పైనుంచి ఆదేశం వచ్చింది. మామకు పదవీ విరమణ ఇంకో ఏడాది ఉంది. “బిడ్డా, నీకు చాతనైతది గదా, ఒకసారి అస్తవా?” అని ఫోన్ చేశాడు. వెళ్లాను. వాకిట్లో ఫోన్ నిలబెట్టి, ఆయన సుద్దముక్క చేతిలోకి తీసుకుంటుంటే, అన్నేళ్లుగా గొంతులో ఉన్న మాట బయటికి వచ్చింది. ఆనాడు శిబిరంలో నేనే పెట్టానని చెప్పాల్సింది అన్నాను.

మామ బల్ల తుడుస్తూనే ఉన్నాడు. “చెప్తవేమోనని సూసిన బిడ్డా. చెప్పలె. సరే, ఇగ మొదలువెట్టు,” అన్నాడు.

మొదలుపెట్టాను. ఆయన పాఠం మధ్యలో అలవాటు ప్రకారం అర్థమైందా అని అడిగి, ఎవరూ లేని వాకిలి వైపు చూస్తూ ఆగాడు. వీడియో ఇన్ని నిమిషాలు మించకూడదన్న నిబంధన ఉండటంతో, ఆ ఆగిన చోట్లన్నీ నేనే కత్తిరించి పంపాను. వాటిని ఎంతమంది చూశారో మాకు తెలియదు, ఆయన అడగనూ లేదు.

ఇప్పుడు ఎవరు ఏ పాఠం ఎక్కడ పెట్టినా, ఎందుకు పెట్టావని నిలదీసేవాళ్లు లేరు. దారి లేని ఊళ్లోని పిల్లకు కూడా పాఠం అందుతోంది, అది చిన్న సంగతి కాదు. ఐతే ఒక లెక్కల పాఠం బయటికి పోయిందని పదిహేను మంది పని మానుకుని చాప మీద కూర్చుని బాధపడటం, ఆ బాధకు ఒక మనిషి లేచి జవాబు చెప్పడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. అప్పట్లో దాన్ని అవమానం అనుకున్నాను. ఈ మధ్య ఆ మాట వాడటానికి మనసు ఒప్పడం లేదు, సరైన మాట ఇంకా దొరకలేదు.