ఢిల్లీబాబు చేతి ముద్ద

పేరుకు ఢిల్లీబాబే గానీ, ఆ మనిషి కడప కూడా దాటినవాడు కాదు. చిత్తూరు బస్టాండు పక్కన మునస్వామి హోటల్లో పరోటా మాస్టరు. నూనె రాసిన బండ మీద మైదా ముద్దను పరిచి, రెండు చేతులా అంచులు పట్టుకుని విసిరాడంటే, అది గాల్లో దుప్పటిలా విచ్చుకుని తీరిగ్గా కిందికి దిగేది. అది దిగేలోపల ఢిల్లీబాబు ఈ లోకంలో ఉండేవాడు కాదు.

"ఏమప్పా ఢిల్లీ, నిలబడే నిద్దరపోతా ఉండావా? ఆడ టేబుళ్ల కాడ అరస్తా ఉండారు సూడు!" అని గల్లాపెట్టె దగ్గర్నుంచి మునస్వామి కేక వేస్తే గానీ దిగివచ్చేవాడు కాదు.

ఎక్కడికి పోయేవాడంటారా? కూతురి దగ్గరికే. ఆ తెల్లటి పల్చటి పిండిపొరలో పవిత్ర కనబడేది. బుగ్గలు నిండుగా, జడ కుచ్చులు ఊపుకుంటూ, పావడా అంచు ఎగిరేలా పరుగెత్తుతూ. నిజంగా ఇంట్లో ఉన్న పవిత్ర వేరు. ఏడేళ్ల పిల్ల నాలుగేళ్లదానిలా ఉండేది. పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ, ఉబ్బిన పొట్టా. తిన్నది ఏదీ ఒంటికి పట్టేది కాదు. తాయెత్తులు కట్టారు, నులిపురుగుల మందు పోశారు, దిష్టి తీశారు. ఏం లాభం? చివరికి రెండువేల రెండులో వేలూరు ఆసుపత్రికి తీసుకుపోతే, గొట్టం వేసి చూసి అసలు సంగతి చెప్పారు. గోధుమలో ఒక జిగురు ఉంటుందట. అది ఈ పిల్ల పేగుకు పడదట. గోధుమ, మైదా, రవ్వ, ఏదైనా సరే, రవ్వంత లోపలికి పోయినా చెడుపేనట. పూర్తిగా మానిపిస్తే మందు కూడా అక్కర్లేదట.

ఢిల్లీబాబుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ జిగురు లేనిదే పరోటా సాగదు, పరోటా సాగనిదే సంసారం సాగదు.

అతని భార్య పంకజాక్షి మాత్రం ఏడుస్తూ కూర్చునే రకం కాదు. కొంగు దోపుకుని వంటింటి మీద పడింది. సేమియా, ఉప్మారవ్వ, బిస్కెట్లు అన్నీ గడప దాటాయి. సాంబారులో వేసే ఇంగువ గురించీ ఆరా తీస్తే, అదేం పాపం చేసిందని అడగబోయిన అంగడి శెట్టి, మాటల్లో నోరుజారి, దాంట్లో మైదా కలపందే పొడి కాదని చెప్పేశాడు. ఆ డబ్బా కూడా బయటికి పోయింది. పిండిమర దగ్గర చూస్తే, గోధుమలు ఆడిన మరలోనే రాగులూ పోస్తున్నాడు. మర మనిషి మంచివాడే, కానీ మరకేం తెలుసు ఎవరి బిడ్డకు ఏది పడదో? ఇక లాభం లేదని ఏర్పేడులోని పుట్టింటికి పోయి, అటక మీద మూలపడి ఉన్న ఇసుర్రాయిని బస్సెక్కించుకుని వచ్చింది.

"రాయికి కూడా టికెట్టు కొట్టాలమ్మా," అన్నాడు కండక్టరు.

"కొట్టుకో నాయనా. సీటు గూడా ఇస్తే ఇంకా మంచిది," అంది పంకజాక్షి.

అప్పట్నుంచి ఆ ఇంట్లో తెల్లవారడం ఇసుర్రాయి గరగరతోనే. ఆ చప్పుడు ఢిల్లీబాబు నిద్రలోకి వచ్చి వాన అయ్యేది. ఆ వానలో ఎర్రమట్టి చేలు తడిసేవి, రాగిపైరు కంకులు వేసేది, చేను మధ్యలో పవిత్ర నిలబడి చేతులు చాచేది. మెలకువ వచ్చేసరికి ఇల్లంతా కొత్త రాగిపిండి వాసన. ఇక బిడ్డకు ఏ లోటూ రాదులే అనుకుని మళ్లీ కళ్లు మూసుకునేవాడు.

పొద్దున హోటలుకు పోయి, సాయంత్రం బేరానికి పిండి పిసికిపెట్టి, మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేవాడు. అప్పటికి పవిత్ర బడినుంచి అన్నానికి వచ్చి కాచుకుని ఉండేది. అమ్మ పెడితే రెండు ముద్దలకే మొహం తిప్పుకునే పిల్ల, నాయన చేతి రాగిసంగటి అయితే గిన్నె ఖాళీ చేసేది. చెంబుడు నీళ్లతో చెయ్యి కడిగామనిపించి, సంగటిని చిన్న చిన్న ముద్దలు చేసి, చెనిక్కాయల చట్నీలో అద్ది నోట్లో పెట్టేవాడు. రోజంతటిలో అతను నిజంగా మేలుకుని ఉండే వేళ అదొక్కటే.

నెలలు గడిచాయి. వేలూరులో పిల్లను తూకం మీద నిలబెడితే ముల్లు వెనకటి చోటు వదిలి కదల్లేదు. "ఎక్కడినుంచో గోధుమ లోపలికి పోతూనే ఉంది, చూసుకోండి," అన్నాడు డాక్టరు.

తిరుగు బస్సులో పంకజాక్షి రగిలిపోయింది. "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంట. బళ్లో ఎవురో బిస్కెట్లు ఇస్తా ఉండారు, ఇది తింటా ఉండాది!"

"నేను తిన్లేదుమా," అంది పవిత్ర.

"అబద్ధం సెప్తావా?" అని, ఈగను కూడా తోలని మెత్తటి మనిషి ఢిల్లీబాబు బిడ్డ వీపు మీద ఒక్కటి వేశాడు. పిల్ల ఏడవలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చిత్తూరు వచ్చిందాకా ఇటు చూడలేదు.

మర్నాడు ఢిల్లీబాబుకు పిండి మీద మనసు నిలవలేదు. పిసకడం అయ్యీ కాకముందే ఇంటికి పరుగెత్తుకొచ్చి గిన్నె ముందేసుకుని కూర్చున్నాడు. పిల్ల మంచిది, పగ పెట్టుకోలేదు. ముద్ద తిన్నది. తిని, అతని మణికట్టు పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే నాకింది.

"ఏంది పాపా, నా సేయి గూడా తినేస్తావా?" అని నవ్వాడు.

"పరోటా వాసనొస్తాది నాయనా. నేను తినకూడదు కదా. అందుకే నీ సేయి నాకుతా."

ఢిల్లీబాబు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. గోళ్ల మూలల్లో, ఉంగరం గాడిలో, ఎండి పెళుసైన మైదా. బిడ్డను కొట్టిన చెయ్యి ఇదే, బిడ్డకు ఇన్నాళ్లూ విషం పెట్టిన చెయ్యీ ఇదే. అయ్యో, ఎంత పని జరిగిపోయింది! గోడకు చేరగిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సంగతి తెలిసి పంకజాక్షి నెత్తి కొట్టుకుంది. "సంకలో పిల్లను పెట్టుకోని ఊరంతా ఎతికినట్టయిందే మన బతుకు! పోనీలే అబ్బా, సబ్బుతో బాగా కడుక్కో. ఇంగ ముద్దలు నేను పెడతాలే."

కడుక్కున్నాడు, గోళ్లు మొదలంటా కత్తిరించాడు, ఉంగరం తీసేశాడు. అయినా చొక్కా మీద పిండి, కనురెప్పల మీద పిండి. పరుగెత్తుకొచ్చి కాళ్లకు చుట్టుకునే బిడ్డను రావద్దనాల్సి వచ్చింది. రెండు రోజులు అన్నాడు. మూడో రోజు పోయి మునస్వామితో పని మానేస్తానని చెప్పాడు.

"పిచ్చి పట్టిందా అప్పా? ఇంత సేతి పని ఉండేవాడివి, యాడికి పోతావు?"

"ఆ సేతితోనే అన్నా తంటా," అన్నాడు ఢిల్లీబాబు.

ఊళ్లోనే గ్రీమ్స్‌పేటలో నిర్మలమ్మ టిఫిన్ అంగడిలో దోసెలు పోయడానికి కుదిరాడు. పూరీ, బోండా, రవ్వదోసె ఉండకూడదని ఒకటే పట్టు. "పూరీ లేని అంగడి ఏందప్పా? నీ తల!" అని తిట్టింది ఆమె. బిడ్డ సంగతి విన్నాక, "సరే, పూరీపిండి పిసకలేక నా బుజాలు గూడా పడిపోతా ఉండాయిలే," అని ఒప్పుకుంది. ఎగరేయడానికి అలవాటైన చేతులకు గరిటె తిప్పడం ఒక పట్టాన రాలేదు. కొన్నాళ్లు దోసెలు చిరిగిన గోనెసంచుల్లా వచ్చాయి. "మాస్టరూ, దోసెను గూడా ఎగరేస్తావా ఏంది?" అని గిరాకీలు ఆటపట్టించారు. మెల్లగా కుదిరింది. పిండిలో గరిటె గుండ్రంగా తిరుగుతుంటే అతనూ దాంతోపాటే తిరిగి తిరిగి ఎటో వెళ్లిపోయేవాడు. నిర్మలమ్మ కేకలకు కొదవ లేదు.

మామిడికాయల కాలం వచ్చింది. ఒక ఆదివారం పంకజాక్షి బిడ్డను అంగడికి తీసుకొచ్చింది. హోటలు బెంచీ మీద కూర్చుని తినడం పవిత్రకు అదే మొదలు. పెద్దమనిషిలా కాళ్లూపుకుంటూ దోసె మీద దోసె అడిగి తిన్నది. తిని, బల్ల మీద తల వాల్చి అక్కడే నిద్రపోయింది.

పని ముగించి, ఎప్పట్లాగే ఒంటిచేత్తో పిల్లను భుజానికి ఎత్తుకోబోయాడు ఢిల్లీబాబు. లేవలేదు. రెండో చెయ్యి కూడా వేసి, ఒకసారి ఊపిరి బిగబట్టి లేపాల్సి వచ్చింది.

"పంకజా, బిడ్డను ఎత్తలేకపోతా ఉండానే!" అని నడివీధిలో అరిచాడు. కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి.

"అట్లయితే లేపి నడిపించు," అంది పంకజాక్షి.

ఎండ మండిపోతోంది. మలుపు తిరిగేసరికే భుజం లాగడం మొదలుపెట్టింది. ఇల్లు చేరిందాకా ఢిల్లీబాబు బిడ్డను దించలేదు.