వదినకు చెప్పకూడని సినిమా

నేను చదివింది మూడో తరగతి. కానీ ఒక్కసారి చూసిన సినిమాని ఫైటుకు ఫైటు, ఏడుపుకు ఏడుపు పొల్లుపోకుండా చెప్పగలను. మాది భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున ఊరు. ఎండు చేపల గంప బస్సులో వేసుకుని విజయనగరం వెళ్ళేదాన్ని. సరుకు తొందరగా చెల్లిపోతే ఖాళీ గంప సైకిల్ స్టాండులో పెట్టి మ్యాట్నీకి దూరేదాన్ని. నా వాసనకి పక్కవాళ్ళు లేచి వేరే సీటుకి పోయేవారు. పోతే పోయారు, కాళ్ళు చాపుకుని చూసేదాన్ని.

మర్నాడు పాకలో ఆడవాళ్ళం అందరం కూర్చుని ఎండు నెత్తళ్ళు, ఆ చిన్న చేపలు, ఏరుతూ ఉంటే ఆ కథ నేను చెప్పాలి. మాలో ఒకరు చూసివస్తే పదిమంది చూసినట్టే. ఆ పదిమందిలో మా వదిన ఒకర్తి. మా అన్న భార్య. పెళ్ళయ్యాక ఒక్కసారి కూడా సినిమా హాలు మెట్టెక్కలేదు. ఎప్పుడైనా అడిగితే మా అన్న ఒకటే మాట అనేవాడు:

"నా సెల్లి సెప్పీసింది గదే. మళ్ళీ నువ్వెల్లి సూసీదేటుంది?"

ఆ మాటకి నేనూ నవ్వేదాన్ని. నన్ను మెచ్చుకుంటున్నాడనుకునేదాన్ని.

పెద్ద తుఫాను వచ్చిన మరుసటి వేసవి. వేట నిషేధం రోజులు, పడవలన్నీ ఒడ్డున ఉన్నాయి. మగాళ్ళు వలలు బాగు చేసుకుంటూ, ఎయిర్‌పోర్టుకి ఎవరి భూమి పోతుందో మాట్లాడుకుంటూ ఉండేవారు. అప్పుడు ఒక హత్యల సినిమా వచ్చింది. ఊళ్ళో ఆడపిల్లలు ఒక్కొక్కరే చచ్చిపోతుంటారు, ఎవరు చంపుతున్నారో పోలీసుకి అంతు చిక్కదు. నేను చూసి వచ్చిన మర్నాడు పొద్దున్నే వదిన మా గుమ్మంలోకి వచ్చింది.

"ఒసే, ఈ సినిమా మాత్రం నాకు సెప్పకే. ఆదోరం తీసుకెల్తానన్నాడు మీయన్న. నీ కాడ ఇనీసి ఇనీసి, ఎవుడు సస్తాడో ఎవుడు బతుకుతాడో అన్నీ ముందే తెలిసిపోతన్నాయి. ఒక్కపాలైనా ఏటీ తెలీకుండా బయపడాలనుందే."

"సెప్పను వదినా, ఒట్టు" అన్నాను.

మధ్యాహ్నం వదిన బిందె పట్టుకుని బోరింగు దగ్గరికి వెళ్ళింది. ఆమె అటు వెళ్ళిందో లేదో పాకలో ఆడవాళ్ళు నా మీద పడ్డారు. "అదొచ్చీలోపు సెప్పీవే! ఎవుడే ఆ సంపీసినోడు?"

ఎవడో ఒక్క ముక్కలో చెప్పేసి ఊరుకుంటే సరిపోయేది. కానీ నేను అలా చెప్పగలిగే మనిషిని కాదు. వాన దగ్గర మొదలుపెట్టాను. మొదటి శవం, తలుపు చప్పుడు, పోలీసు చేతిలో టార్చిలైటు... ఏరుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. ఒకామె రుచి చూద్దామని చేప నోటి దగ్గర పెట్టుకుని కొరకడం మర్చిపోయింది. చివరికి వచ్చేశాను. అప్పుడే వదిన చంకలో బిందెతో పాక వెనక నుంచి వచ్చింది.

నేను చూశాను. చూడలేదని ఇన్నేళ్ళు చాలామందికి చెప్పాను గానీ, చూశాను. అక్కడితో నోరు మూసుకోవచ్చు. కానీ అన్ని కళ్ళూ నా మొహం మీదే ఉన్నాయి. ఆ గొప్ప వదులుకోలేకపోయాను.

"ప్రతి శవం కాడా ఏడిసినాడే ఆ ముసలి కాంపౌండరు, ఆడే!"

అందరూ "ఓలమ్మో!" అని గుండెలు బాదుకున్నారు. వదిన బిందె దించింది. ఒలికిన నీళ్ళు కొంగుతో తుడుచుకుని, నా ఎదురుగా కూర్చుని నెత్తళ్ళు ఏరడం మొదలుపెట్టింది. తిట్టినా బాగుండేది.

వదినకి కథ తెలిసిపోయిందని ఎవరో అన్న చెవిన వేశారు. "మరింకేటి, టిక్కెట్టు దండగ" అన్నాడట. ఆదివారం వాళ్ళు వెళ్ళలేదు.

తర్వాత ఒక ఫైటింగు సినిమా వచ్చిన మొదటి వారమే, అన్నతో దెబ్బలాడి మరీ వదినని నేనే తీసుకెళ్ళాను. అందులో హీరో బజారంతా కారులో విలన్‌ని తరుముకుంటూ వెళతాడు. హాలంతా ఈలలు. వదిన మాత్రం ముందు సీటు గట్టిగా పట్టుకుని కూర్చుంది. తిరుగు బస్సులో ఆత్రం ఆపుకోలేక అడిగాను, "ఏటి వదినా, ఎలాగున్నాది?"

"ఆ పళ్ళబండి ఆడది ఏటైపోనాదే?"

"ఏ పళ్ళబండి?"

"కారు గుద్దీసింది గదే! కాయలన్నీ రోడ్డు మీద పడిపోతే ఒంగి ఏరుకుంటాది. మళ్ళీ దాన్ని సూపించనేలేదు."

నేనూ అదే సినిమా చూశాను. ఆ మనిషి నా కంట పడలేదు. అన్నేళ్ళుగా నేను చెప్పిన కథల్లో ఇలాంటివాళ్ళు ఎంతమంది జారిపోయారో, వదిన చూసి ఉంటే ఎంతమంది గురించి అడిగేదో అనిపించింది. భోగాపురం వచ్చేదాకా ఆ బండి ఎక్కడ వచ్చిందా అని సినిమా అంతా మొదట్నుంచీ తలుచుకుంటూనే ఉన్నాను.

మర్నాడు పాకలో, "ఈపాలి వదిన సెప్తాది" అన్నాను. వదిన సిగ్గుపడింది, అయినా మొదలుపెట్టింది. పళ్ళబండి దగ్గరే మొదలుపెట్టింది. ఆ మనిషి చీర రంగు, చేతికున్న గాజులు, ఒంగిన తీరు అన్నీ చెబుతోంది. కాసేపటికి ఒకామె ఆవలించింది. "బండి గోలెందుకే, ఫైటు సెప్పు!" అంది ఇంకొకామె. అందరూ నా వైపు తిరిగారు.

వదినా తిరిగింది. "నువ్వే సెప్పవే, నాకు రాదు" అంది.

నాకూ రాదనొచ్చు. నువ్వే చెప్పు వదినా, వింటాను అని పట్టుబట్టొచ్చు. కానీ నేను గొంతు సవరించుకున్నాను. పళ్ళబండిని కూడా మర్చిపోకుండా చెప్పాను. నా నోట్లో ఆ బండి గాల్లోకి ఎగిరింది, బత్తాయిలు విలన్ నెత్తి మీద టపటపా పడ్డాయి. పాక పాకంతా పడీపడీ నవ్వింది.

వదిన తల ఎత్తలేదు. నెత్తళ్ళు ఏరుతూనే ఉంది.