రెక్క మీద నేత చీర

బెంగాల్‌లో ఏక్‌బాల్‌పూర్ పక్కన కార్పొరేషన్ గ్యారేజీలో చెత్తబళ్ళకు రేకులు కొట్టే కోదండానికి తన చేతిపనంటే ఉన్న గర్వం అంతా ఇంతా కాదు. ఇరవయ్యారేళ్ళుగా అతను కొట్టిన రేకుల మీదే ఊరి చెత్తంతా ఊరేగింది. పేరు మాత్రం ఎక్కడా లేదు. చెత్తబండి మీద పేరెవడు రాస్తాడు, మన పిచ్చి గానీ!

1987లో విశ్వకర్మ పూజకు దేవుడి పక్కన సోవియట్ విమానం బొమ్మ నిలబెట్టాలని యూనియన్ సెక్రటరీ శ్యామసుందర్‌కు బుద్ధి పుట్టింది. ఉత్తర ధ్రువం మీదుగా అమెరికా దాకా అది ఎగిరి యాభై ఏళ్ళట. బహుదూరం పోయి బాంబులు వేసే విమానం చేయగలమా అని వాళ్ళు చేసిన ప్రయోగమది, పేరు ఏఎన్‌టీ-25. ఒళ్ళు పదమూడు మీటర్లే, రెక్కలు మాత్రం ముప్పై నాలుగు! కోదండం చేసిపెడితే ముందు బోర్డు మీద అతని పేరు రాయిస్తానని శ్యామసుందర్ మాటిచ్చాడు. ఇంకేం కావాలి?

ఆ విమానం మొదట్లో ఎగిరిన నాటి ఫొటో ఒకటి చేతికిచ్చారు. అందులో రెక్కలు ముడతల రేకువి. కోదండం నెల్లాళ్ళు కూర్చుని, ఒక్కో ముడతా తీర్చి ఎనిమిదడుగుల రెక్కలు కట్టాడు. తీరా పూజకు ముందురోజు శ్యామసుందర్ ధ్రువం దాటిన నాటి ఫొటో పట్టుకొచ్చాడు. అందులో రెక్కలు నున్నగా ఉన్నాయి. నీది తప్పు, రేపు పూజకొచ్చే ప్రొఫెసర్ గారి ముందు పరువు పోతుంది, సరిచేస్తావా, తీయించెయ్యనా అన్నాడు. కొత్త రేకు కొట్టడానికి వ్యవధేదీ?

భార్య తవిటమ్మ వీధులూడ్చే డ్యూటీ దిగి వచ్చేసరికి మనిషి అన్నం ముట్టకుండా కూర్చున్నాడు. సంగతంతా విని, "దీనికేటి మావా, గుడ్డేసి మూసేద్దాం పద," అంది. తన నేత చీర చింపి, మైదా జిగురు కాచి, గ్యారేజీకొచ్చి ఎక్కడా పొంగు లేకుండా అతికించింది. ఆరాక వెండి రంగు వేస్తే రెక్క అద్దంలా తేలింది. మెచ్చుకోవాల్సింది పోయి కోదండం సిగ్గుతో చచ్చిపోయాడు. రేకు పనివాడు గుడ్డ చాటున దాక్కోవడమా!

మర్నాడు ప్రొఫెసర్ రఘురాం వచ్చాడు. మాస్కోలో చదివొచ్చిన తెలుగాయన. రెక్క నిమిరి, వేలితో ఒత్తి, ఆగిపోయాడు. తేలు కుట్టిన దొంగలా ఊరుకోవడం కోదండం వల్ల కాలేదు.

"దొంగపని సేసినాం బాబూ. కింద ముడతలున్నాయి. పైన మా ఆడది గుడ్డ అంటించింది."

"వాళ్ళు చేసిందీ అదేనయ్యా," అన్నాడు రఘురాం. ముడతలకు గాలి అడ్డుపడి అది అనుకున్నంత దూరం పోలేకపోయిందని, అప్పుడు పైన గుడ్డ అతికించి నున్నగా మెరుగుపెట్టారని, ఆ రెక్కలతోనే ధ్రువం దాటిందని చెప్పాడు. రెండు ఫొటోలూ నిజమేనన్నమాట.

శ్యామసుందర్ వెంటనే పెయింటర్ని పిలిచి కోదండం పేరు రాయమన్నాడు. కోదండం అడ్డుపడ్డాడు. తవిటమ్మ పేరు కూడా ఉండాలన్నాడు. ఆవిడది వీధులూడ్చే విభాగం, గ్యారేజీ బోర్డు మీద ఎలా రాస్తామని శ్యామసుందర్ గునిశాడు.

"అయితే నా పేరూ వద్దు దాదా," అన్నాడు కోదండం.

శ్యామసుందర్ చివరికి సరేనన్నాడు.

సాయంత్రం తవిటమ్మ వచ్చి బోర్డు ముందు నిలబడింది. బెంగాలీ అక్షరాలు ఆమెకు రావు.

"ఇందులో నాదేది మావా?"

"పైది," అన్నాడు కోదండం.