కాలువ గట్టు మీద జర్మన్ కారు

మొన్న పొద్దున్నే కోదాడ నుంచి మా మరిది కొడుకు ఫోను చేసి, "పెద్దమ్మా, సెకండ్‌హ్యాండ్‌లో ఒక జర్మన్ కారు చూశాను, రేటు మంచిగానే వస్తున్నది. మీకు ఉండేది గదా, ఎన్నేళ్లు ఆగుతది? ఖర్చు బాగా అయితదా?" అని అడిగాడు. మీ నాన్ననడుగు నాయనా, ఆయనకే బాగా తెలుసు అని తప్పించుకున్నాను. వాళ్ల నాన్న ఏమంటాడో నాకు ముందే తెలుసు కనుక ఆ సంగతి అక్కడితో తేలిపోయింది. కానీ ఫోను పెట్టేశాక స్టవ్ మీద పాలు పొంగేదాకా అక్కడే నిలబడిపోయాను. ఆ కారును గురించి నన్ను ఎవరూ ఏమీ అడగక చాలా కాలమైంది.

నేను సూర్యాపేట నుంచి రోజూ బస్సులో మోతెకు పోయి, అక్కడి హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పి వచ్చేదాన్ని. మావారు నీటిపారుదల శాఖలో ఇంజనీరు. సర్వీసంతా సాగర్ ఎడమ కాలువ మీదే, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ క్యాంపుల్లో గడిచింది. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున వెళ్లిపోయేవారు. నా తరం ఉద్యోగస్తుల ఇళ్లల్లో ఇది వింతేమీ కాదు, మీలో చాలామంది అట్లాగే కాపురాలు చేసి ఉంటారు. ఆయన మాటల మనిషి కాదు. అడిగితే "ఆ, నడుస్తున్నది" అనేవారు, అంతే. ఆయన ఉద్యోగం ఏమిటో నాకు జీతం వచ్చే రోజున తప్ప తెలిసేది కాదు.

ప్రభుత్వ జీపులో గట్ల మీద తిరిగి తిరిగి నడుము పాడైందని, రిటైరయ్యే ముందు ఒక్కటైనా మంచి బండి ఎక్కాలని ఆయనకు ఒకే ఒక కోరిక ఉండేది. హైదరాబాదులో మా దూరపు బంధువైన ఒక డాక్టరు తన జర్మన్ కారును అమ్ముతున్నారని తెలిసి, పోయి చూసి, ఆ సాయంత్రమే మాట ఇచ్చి వచ్చారు. బూడిదరంగు డీజిలు బండి. కోదాడలో ట్రాక్టరు సామాన్ల దుకాణం నడిపే మా మరిది వచ్చి దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, బానెట్ ఎత్తి లోపలికి చూసి, "అన్నా, దీంట్లో మనకు అందే బోల్టు ఒక్కటన్నా ఉందా? ఏనుగును తెచ్చి కట్టేసుకున్నవు" అని నవ్వాడు. మావారు నవ్వలేదు.

నిజం చెప్పాలంటే మొదటి రెండు మూడేళ్లు ఆ ఏనుగు మమ్మల్ని మహారాజుల్లాగే మోసింది. తలుపు మూస్తే బీరువా మూసినట్టు మెత్తగా ఒక శబ్దం వచ్చేది, ఆ శబ్దం కోసమే నేను ఒకటి రెండుసార్లు ఊరికే తెరిచి మూసిన సందర్భాలున్నాయి. ఏ చలి పొద్దునైనా తాళం తిప్పగానే ఇంజను పలికేది. ఆ తర్వాత ఖర్చులు మొదలైనాయి. మన రోడ్ల గుంతలకు ముందు చక్రాల షాకబ్జర్లు పోయాయి, తర్వాత నీళ్ల పంపు, ఆపైన కిటికీ అద్దాన్ని ఎత్తే మోటారు. ఏదీ సూర్యాపేటలో దొరికేది కాదు. హైదరాబాదు నుంచి రావాలి, అక్కడ లేకపోతే ఓడ ఎక్కి రావాలి. ఆ పంపు ధరకు ట్రాక్టరు ఇంజను మొత్తం విప్పి కొత్తది చేసి ఇస్తానన్నాడు మా మరిది.

నాకు కోపం కంటే వింతే ఎక్కువ కలిగేది. ఇంజను ఎన్నడూ మొరాయించదు, కానీ దాని చుట్టూ ఉన్న ప్రతి చిన్న వస్తువూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. మరి దీన్ని గట్టి బండి అనాలా, నాజూకు బండి అనాలా? మంచి వస్తువంటే చెడిపోనిదా, చెడిపోయినా బాగు చేయించుకోవాలని మనకు అనిపించేదా? బస్సులో మోతె పోతూ ఈ ప్రశ్నను అటు తిప్పి ఇటు తిప్పి చూసుకునేదాన్ని.

మావారు రిటైరైనారు, కొన్నాళ్లకు నేనూ అయ్యాను, మా అమ్మాయి పెళ్లై ఖమ్మంలో స్థిరపడింది. అప్పుడు తెలిసింది, ఒకే ఇంట్లో వారమంతా కలిసి ఉండడం మా ఇద్దరికీ కొత్త అని. ఆయన వరండాలో పేపరు, నేను లోపల వంట. కొత్త ఖర్చు ఎక్కడ మీద పడుతుందోనని ఆయన తప్పనిసరైతే తప్ప కారును దూరం తీసుకుపోవడం మానేశారు. పొద్దున తుడవడం, కూరగాయల మార్కెట్ దాకా మెల్లగా పోయి రావడం, టార్పాలిన్ కప్పడం. ఇంత అపురూపంగా చూసుకున్నా స్టీరింగ్ ముందర ఒక పసుపు లైటు వెలగడం మొదలైంది. మెకానిక్ దాన్ని కంప్యూటర్‌తో ఆర్పితే వారం తిరక్కుండా మళ్లీ వెలిగేది. చివరికి హైదరాబాదు సర్వీసు సెంటరు వాళ్లు పొగగొట్టంలోని ఫిల్టర్ మొత్తం మార్చాలని లెక్క పంపారు. అది చూసి మావారు ఆ పూట అన్నం సగంలో వదిలేశారు.

"అమ్మేస్త. ఇగ నాతోని కాదు," అన్నారు.

నాకు ఆ లైటు మీద అంతకుముందే ఒక అనుమానం ఉంది. విజయవాడలో పెళ్లికి పోయినప్పుడు అది దారిలోనే ఆరిపోయింది. ఖమ్మంలో అమ్మాయి దగ్గరికి పోయినప్పుడూ అంతే. ఊళ్లో తిప్పినప్పుడే వెలుగుతున్నది.

"అమ్మే ముందర ఒక్కసారి కోదాడ దాక పోయొద్దామండీ," అన్నాను.

"కోదాడల ఏమున్నది?"

"ఏం లేదు. లైటు పోతదో లేదో సూద్దాం."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఏందే, ఇది నీ బళ్లె పోరగాండ్లకు చేసి చూపించే ప్రయోగమా?" అన్నారు. అట్లనే అనుకోండి అన్నాను. మర్నాడు ఆదివారం బయల్దేరాం. హైవే మీద కూడా ఆయన మార్కెట్‌కు పోయినట్టే పోతున్నారు, వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. "జర స్పీడు పెంచుండ్రి, దానికి ఊపిరాడొద్దా?" అని నేను పోరుతుంటే ఆయన పళ్లు బిగబట్టి యాక్సిలరేటర్ తొక్కారు. మునగాల దాటి కొంత దూరం పోయామో లేదో, నేను కన్నార్పకుండా చూస్తున్న ఆ పసుపు లైటు ఠక్కున ఆరిపోయింది. "అరె! పోయిందే!" అని ఆయన స్టీరింగ్ మీద ఒక్క చరుపు చరిచారు. ఆయన నోట అంత పెద్ద గొంతు నేను పెళ్లైనప్పటి నుంచీ వినలేదు.

కోదాడలో చాయ్ తాగుతూ సర్వీసు సెంటరుకు ఫోను చేస్తే అక్కడి ఆయన అసలు సంగతి చెప్పాడు. పొగలోని మసిని ఆ ఫిల్టర్ పట్టి ఉంచుకుంటుందట. బండి వేగంగా చాలాసేపు పరుగెత్తితేనే ఆ వేడికి మసి కాలిపోతుందట. "ఊర్లనే తిప్పుతే అది నిండుతనే ఉంటది సార్. లైటు ఆరిందంటే ఇంకా ఖరాబు కానట్టే, ఇప్పుడు మార్చుడు అవసరం లేదు. వారానికోసారి బండిని దూరం ఉరికించుండ్రి," అన్నాడు. ఖర్చవుతుందన్న భయంతో ఇంట్లో కూర్చోబెట్టినందుకే ఖర్చు మీదికి వచ్చిందన్నమాట. మావారు ఫోను జేబులో పెట్టుకుని కారు తాళం తీశారు. వచ్చిన దారినే ఎందుకు, హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ పోయి తిరిగి ఇల్లు చేరుదామన్నారు.

అది ఆయన కాలువ దారి అని నాకు అప్పుడు తట్టలేదు. నేరేడుచర్ల దగ్గర ఒక తూము పక్కన కారు ఆపి దిగారు. నీళ్లు తక్కువైన ఒక ఏడు, పైఊళ్ల వాళ్లు ఆ తూము మూయనిచ్చేది లేదని అడ్డం కూర్చుంటే, కింది ఊళ్ల వాళ్లు పొలాలు ఎండుతున్నాయని కర్రలతో వచ్చారట. ఆయన రెండు గుంపుల మధ్య గట్టు మీద కూర్చుని, ఎవరి సద్ది వాళ్లను విప్పమని, ముందు అందరూ తినండి, తర్వాత కొట్టుకుందురు అన్నారట. తిన్నాక నీళ్లకు వంతులు కుదిరాయట. చెబుతూ నవ్వారు. అన్నేళ్లలో ఈ ముచ్చట ఒక్కసారి కూడా చెప్పలేదేమని అడిగితే, "నువ్వు ఎన్నడడిగినవ్?" అన్నారు. నిజమే, నడుస్తున్నదా అని అడిగానే తప్ప ఎట్లా నడుస్తున్నదని అడగలేదు.

ఇక అప్పటి నుంచి ఆదివారమొస్తే మా బండి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టి వచ్చేది. మిర్యాలగూడ చేరేసరికి మిల్లుల్లోంచి ఉడికిన వడ్ల వాసన కిటికీలోంచి వచ్చేది. ప్రతివారం ఒక తూమో, ఒక వంతెనో, దానికొక కథ. ఖర్చులు పూర్తిగా ఆగాయని అనను, ఏడాదికొకటి రెండు తప్పేవి కావు. కానీ ఆ పసుపు లైటు మాత్రం మళ్లీ మమ్మల్ని పరేషాన్ చేయలేదు.

అట్లా కొన్నేళ్లు నడిచాక ఒకనాడు ఆ కాలువ పక్కనే గేర్‌బాక్సు పోయింది. ఇంజను ఆడుతున్నది గానీ చక్రం కదలదు. మేము దిగి నిలబడి ఉంటే, మేకల వెంట వస్తున్న ఒక పెద్దమనిషి దగ్గరికొచ్చి, "మా సారే గదా! గీడేం జేస్తున్నరు సారూ?" అన్నాడు. మావారి దగ్గర కాలువ కాపలా కాసిన లస్కర్. కారు కదలడం లేదంటే చుట్టూ చూసి, "జీపైతే నూకుతుంటి. గిది నూకితే పోతదా?" అన్నాడు. పోదయ్యా, దీన్ని నూకనీకి జర్మనీ నుంచి రావాలె అని మావారు అంటే ఇద్దరూ ఆగకుండా నవ్వారు. కారును మోసుకుపోయే లారీ వచ్చేదాకా ఆ లస్కర్ ఇంట్లోనే జొన్నరొట్టె తిని కూర్చున్నాం. "అమ్మా, సారు గీ గట్టు మీద ఎంత నడిసిండో గీ గట్టుకే ఎరుక," అని ఆయన నాకు చెబుతుంటే, కొంతవరకు నాకూ ఎరుకే అని మనసులో అనుకున్నాను.

గేర్‌బాక్సుకు చెప్పిన ధర కారు ధరను మించింది. విడిభాగాల కోసం కొనే వాళ్లు వచ్చి లారీ మీదికి ఎక్కించబోతుంటే, మావారు బాధపడతారేమోనని చూశాను. ఆయన కారు తలుపు ఒకసారి తెరిచి మూసి, ఆ శబ్దం విని, లోపలికి వచ్చారు.

ఇప్పుడున్నది అందరూ కొనే మామూలు కొత్త బండి. ఏమీ అడగదు, ఏ లైటూ వెలగదు, మరమ్మతు సూర్యాపేటలోనే పూట తిరక్కుండా అయిపోతుంది. కాలువ గట్లకు సిమెంటు వేశారు; చాలా తూముల దగ్గర ఇప్పుడు లస్కర్లు కనిపించరు. మావారికి మోకాళ్ల నొప్పులు, నాకు కాస్త బీపీ, అంతకుమించి లోటేమీ లేదు. అయితే ఆదివారం పొద్దున బయల్దేరాలంటే ఇప్పుడు మాకు ఏదో ఒక పని ఉండాలి. ఏ పని మీద పోదామా అని ఇద్దరం ఆలోచిస్తూ ఉండగానే ఎండ ఎక్కిపోతుంది, ఆయన పేపరు తీసుకుంటారు.