తమ్ముడి పేరు మీద పొయ్యి

ఆ వీధిలో ఆమెను అందరూ బన్నులక్క అనేవాళ్లు. భర్త పోయాక ఆయన నడిపిన చిన్న బేకరీని మూతపడనివ్వలేదు. ఎవరి దగ్గరా చిల్లిగవ్వ అప్పు చేయకపోవడం ఆమెకు పెద్ద గొప్ప. బేకరీలో పొయ్యి చూసుకునే తమ్ముడు మాత్రం బండి, టీవీ, ఫోను అన్నీ వాయిదాల మీదే కొన్నాడు.

"ఒంటి మీద చొక్కా తప్ప నీకు సొంతమేముందిరా?" అని ప్రతి నెలా తిట్టి, వాయిదా కట్టించేదాకా వదిలేది కాదు.

ఆ ఏడు వరద వచ్చింది. బేకరీలో నడుం లోతు నీళ్లు నిలిచాయి. పిండి బస్తాలు ముద్దయ్యాయి, పిండి కలిపే మిషను మోటారు కాలిపోయింది. ఇటుకల పొయ్యి మాత్రం చూడటానికి బాగానే ఉంది.

"లోపల తడి ఆరలేదక్కా, కొన్నాళ్లు ఆగుదాం," అన్నాడు తమ్ముడు.

"ఆగితే మన వాడిక జనమంతా అవతలి వీధి బేకరీకి పోరూ? ముట్టించు."

ముట్టించారు. ఇటుకల్లోని నీరు ఆవిరై పొయ్యి కప్పు ఢామ్మని పగిలి కూలింది. తమ్ముడు ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఆమెకు అనిపించింది.

కొత్త పొయ్యికి లోను కోసం ఇద్దరూ బ్యాంకుకు వెళ్లారు. ఆఫీసరు కుర్రాడు, మర్యాదస్తుడు.

"ఇంతకుముందు ఎప్పుడైనా లోను తీసుకున్నారామ్మా?"

"ఒక్కసారి కూడా లేదు బాబూ," అంది తలెత్తి.

"అదేనమ్మా చిక్కు. తీసుకుని కట్టి ఉంటేనే మీరు కడతారని మాకు తెలిసేది."

"బాకీ పడకుండా బతకడం తప్పయిందా?"

ఆఫీసరు ఇబ్బందిగా నవ్వి, తమ్ముడి వివరాలు అడిగి కంప్యూటర్లో చూశాడు. ఒక్క వాయిదా తప్పలేదు. లోను అతనికి ఇస్తారట. అయితే బేకరీ కూడా అతని పేరు మీదే ఉండాలట.

"పేరే కదక్కా, పొయ్యి నీదే," అన్నాడు తమ్ముడు దారిలో. బేకరీ ముందు పనివాళ్లిద్దరూ గడప మీద కూర్చుని వీళ్ల కోసమే ఎదురుచూస్తున్నారు. వాళ్ల మొహాలు చూసి, ఆమె సరేనంది.

బేకరీ తమ్ముడి పేరుకు మారింది, కొత్త పొయ్యి లేచింది. వాడిక జనం తిరిగొచ్చారు, వాయిదాలు సాగుతున్నాయి. కొన్ని నెలలకు మరదలు గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది.

"బ్యాంకు వాళ్లు వస్తూ పోతూ ఉంటారక్కా. గల్లా దగ్గర మా ఆవిడ ఉంటుంది. నువ్వు లోపల పిండి పని చూసుకో," అన్నాడు తమ్ముడు నేల చూస్తూ.

"ఈ మాట బ్యాంకు వాళ్లదా, మీ ఆవిడదా?"

అతను చెడ్డవాడు కాదు. ఇంట్లో మాట కాదనలేనివాడు.

మర్నాడు ఆమె ఒక్కతే బ్యాంకుకు వెళ్లింది. "ఏదైనా చిన్న లోను నా పేరు మీద ఇవ్వు బాబూ. నేనూ కట్టి చూపిస్తాను."

ఆఫీసరు కంప్యూటర్లో చూశాడు. "ఏ వ్యాపారం మీద ఇవ్వమంటారమ్మా? బేకరీ ఇప్పుడు మీది కాదు కదా."

వచ్చిన దారినే తిరిగొచ్చింది. వెనక తలుపులోంచి లోపలికి వెళ్లేసరికి, కలిపి ఉంచిన పిండి పొంగి తొట్టి అంచు దాటుతోంది. చేతులు కడుక్కుని పిండి పిసకడానికి వంగింది.