నాలుగు రోజుల సెలవు, పదకొండు మంది పనులు

ఆ ఏడాది డిసెంబరులో జాతీయ దినోత్సవానికి వారాంతం కలిసి నాలుగు రోజుల సెలవు వచ్చింది. దుబాయ్ అవతల ఎడారిలో ఉన్న మా రువైస్ రిఫైనరీలో షిఫ్టులు చేసేవాళ్ళకు ఆ అదృష్టం లేదు. నేను ఆఫీసులో కూర్చునే మనిషిని కాబట్టి నాకు దొరికింది. సెలవు ఖాయమైన సాయంత్రం నా భార్య, "ఏవండీ, ఫుజైరా వెళ్దామా?" అంది. ఫలానాది కావాలని తనకోసం అడిగే మనిషి కాదు.

ఆమె పెరిగింది భీమిలిలో. రువైస్‌లోనూ సముద్రం ఉంది, మా క్వార్టర్స్ నుంచి కారులో పది నిమిషాలు. కానీ దానికి అలలుండవు. "చెరువులా పడి ఉంటుంది. సూర్యుడేమో వెనక ఇసకలోంచి లేస్తాడు. ఇదేం సముద్రమండీ," అనేది. ఫుజైరా తూర్పు తీరం. అక్కడ అలలుంటాయి, పొద్దున సూర్యుడు నీళ్ళలోంచి వస్తాడు. కాలనీ స్కూల్లో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి చెప్పి ఆ ఏడు ఆమె బాగా నలిగిపోయింది. "ఒక్క పొద్దున చాలు. ఏ పనీ లేకుండా ఒడ్డున కూర్చుని చూస్తాను," అంది. ఆది, సోమవారం రాత్రులకు అక్కడ గది తీసుకున్నాను.

అదే రోజు ఇంకో పని కూడా చేశాను. కాలనీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో, "శనివారం దుబాయ్ వెళ్తున్నాం. ఎవరికేం కావాలన్నా మొహమాటపడకుండా చెప్పండి," అని పెట్టాను.

రువైస్ నుంచి దుబాయ్ నాలుగు గంటల దారి. వెళ్ళేవాళ్ళు అలా అడగడం మా కాలనీ అలవాటు. అడక్కుండా వెళ్తే తప్పుపట్టేవాళ్ళెవరూ లేరు. నేను మాత్రం ఒక్కసారి కూడా ఊరుకోలేదు. ఆఫీసులో నేను ఉన్నా లేకపోయినా ముదీర్‌కు, అంటే మా మేనేజరుకు, తేడా తెలిసేది కాదు. కాలనీలో ఎవరైనా "అన్నా, నువ్వుండబట్టే మా పనులైతున్నయ్" అంటే రెండు రోజులపాటు కడుపు నిండినట్టుండేది. ఆ మాట కోసమే తిరిగేవాణ్ణి. దానికి సాయం అని పేరు పెట్టుకున్నాను.

పదకొండు మంది చెప్పారు. నేను రాసుకున్న చీటీ చూసి ఆమె, "ఇదేంటండీ, ఇంత ఉంది?" అంది.

"వాళ్ళే అడిగారు. మొహం మీద కాదనలేం కదా," అన్నాను. ఆమె ఆ గ్రూపులో లేదని నాకు తెలుసు.

శనివారం పొద్దున బయల్దేరుతుంటే పక్క క్వార్టర్ జగిత్యాల తమ్ముడు మిక్సీ మోటారు గుడ్డలో చుట్టి తెచ్చాడు. "వదినా, అన్నను జర తిప్పలు పెడ్తున్న. ఏమనుకోకు," అన్నాడు.

"తిప్పలు మీ అన్నకు ఇష్టమేలే," అని నవ్వింది ఆమె. అప్పటికింకా నవ్వుతోంది.

శనివారంతోనే పనులు ముగించి ఆదివారం మధ్యాహ్నానికి ఫుజైరా చేరాలని నా లెక్క. దుబాయ్‌లో డేరా అనే పేటలో మిక్సీలు బాగుచేసే దుకాణం తెరిచే ఉంది, మెకానిక్ లేడు. "ఛుట్టీ హై భాయ్, కల్ ఆవో," అని మర్నాడు రమ్మన్నాడు కౌంటరు దగ్గరి ముసలాయన. ఒకరి జాకెట్లు కుట్టిన టైలరు కొట్టు మూసి ఉంది. ఆ రాత్రి డేరాలోనే చిన్న హోటల్లో ఉన్నాం. ఆదివారం మెకానిక్ వచ్చాడు, విడిభాగం రాలేదు. హైదరాబాదు విమానం ఎక్కే ఒకాయనకు మందుల పొట్లం అందించడానికి షార్జా వెళ్ళాం. రోడ్డు నిండా జెండాలు చుట్టిన కార్లు, హారన్లు. తన బదులు బావమరిది వస్తాడని ఆయన ఫోన్ చేశాడు. రెండు గంటలు పార్కింగులో కూర్చున్నాం. అప్పటికి చీకటి పడింది. "రేపు వెళ్దాం," అన్నాను. ఆమె "సరే" అంది. ఫుజైరా గదికి ఫోన్ చేసి ఒక రాత్రి ఆలస్యమవుతుందని చెప్పాను.

సోమవారం కూడా అలాగే కరిగిపోయింది. సాయంత్రం డేరాలో ఒక సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా జగిత్యాల తమ్ముడి ఫోన్ వచ్చింది. కారు స్పీకర్లో ఎత్తాను.

"అన్నా, మిక్సీ అయ్యిందా? కాకుంటే ఇడిసెయ్. పరేషాన్ గాకు."

"లేదులే, రేపు పొద్దున ఇస్తానన్నాడు."

"నేనైతే అడగకపోదును అన్నా. ఏం గావాల్నని గ్రూపుల నువ్వే పెడ్తివి గద. మా ఇంటామె, అన్న అంత మంచిగ అడుగుతుండు, మోటర్ ఇయ్యరాదు అన్నది. వదినను అడిగిన్నని చెప్పు. ఫుజైరా మంచిగున్నదా?"

ఫోన్ పెట్టేశాను. ఆమె అద్దంలోంచి బయటికి చూస్తోంది. తిడుతుందనుకున్నాను. "ఇంకా ఎంతమందివి మిగిలాయి?" అంది.

"నలుగురివి."

"కానివ్వండి మరి. మాటిచ్చారు కదా."

అక్కడి నుంచి ఫుజైరా రెండు గంటల దారి. కారు అటు తిప్పి ఉంటే మంగళవారం పొద్దున ఆమె కోరిక తీరేది. మిక్సీ లేకపోతే జగిత్యాల తమ్ముడు ఏమీ అనుకునేవాడు కాదు, అతను నోరారా చెప్పాడు కూడా. అయినా నేను సిగ్నల్ పడగానే టైలరు కొట్టు వైపే తిప్పాను. అలసటతో చేశానని చెప్పుకోవచ్చు. అది నిజం కాదు. నలుగురి దగ్గర ఖాళీ చేతులతో నిలబడటం నాకు కష్టం, ఆమె దగ్గర కాదు. ఆమె నన్నేమీ అనదని ధైర్యం.

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకు చివరి పని అయింది. డిక్కీ నిండా సంచులు. మర్నాడు ఇద్దరికీ డ్యూటీ ఉంది. అయినా "ఫుజైరా వెళ్దాం, గంటసేపైనా," అన్నాను. నా తప్పు కాస్తైనా చిన్నది చేసుకుందామని. ఆమె కారెక్కి చీటీ ఒళ్ళో పెట్టుకుంది. కొండల మధ్య రోడ్డు ఎక్కేసరికి నిద్రపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుంది, మెడ పక్కకు వాలింది, చీటీ ఇంకా ఒళ్ళోనే ఉంది.

ఒడ్డున కారు ఆపాను. అలలు నిజంగానే ఉన్నాయి. లేపాలా వద్దా అని చాలాసేపు చూశాను. మూడు రోజులుగా ఆమె సరిగా పడుకోలేదు. నిద్రపోనిద్దామనుకున్నాను, అలా అనుకున్నందుకు మనసులో కొంచెం సంతోషపడ్డాను కూడా. వెనక, పడమటి వైపు, కొండలున్న ఊరది. సాయంత్రం కాకముందే సూర్యుడు వాటి చాటుకు పోయాడు. నీళ్ళు బూడిద రంగుకు తిరిగాయి.

లేచి, చుట్టూ చూసి, "ఎంతసేపైంది వచ్చి?" అంది.

"గంటన్నర."

"లేపలేదేం?"

"అలసిపోయావు కదా, పడుకోనిద్దామని."

"ఊళ్ళో అందరినీ ఏం కావాలని అడిగారు," అంది. గొంతులో కోపం లేదు. "నాకేం కావాలో మీరే అనుకున్నారు. నేను నోరు తెరిచి చెప్పాక కూడా."

తలుపు తీసి, చెప్పులు కారులోనే వదిలి నీళ్ళ దాకా నడిచింది. అల వచ్చి కాళ్ళ మీద పడి వెనక్కి పోతుంటే తల వంచి చూస్తూ నిలబడింది. క్షమించమని అడగాలని దిగాను. అడిగితే, "పోనీలెండి" అంటుంది. అది వింటే నా బరువు దిగుతుంది. నా బరువు దించే ఆ పని కూడా ఆ రోజు ఆమె చేత చేయించుకోకూడదనిపించింది. కారు పక్కనే నిలబడి, తనంతట తను తిరిగి వచ్చేదాకా చూశాను.