కండక్టరు పక్షం

మీ వాక్యాన్ని మరొకరు తీర్చిదిద్ది అచ్చు వేస్తే, దాని కింద మీ పేరు ఉంచుకునే హక్కు మీకు మిగులుతుందా?

అరవైల చివర్లో, విజయనగరంలో బి.ఏ. చదువుతున్నప్పుడు, ఈ ప్రశ్న నాకు తట్టలేదు. వక్తృత్వ పోటీల్లో గెలవడం మరిగిన నాకు, నా మాట అచ్చులో చూసుకోవాలన్న తహతహ ఒక్కటే ఉండేది. భోగాపురం వైపు నుంచి చేపల గంపలతో వచ్చే ఆడవాళ్లను బస్సులోంచి దించేసిన కండక్టరు మీద మండిపడుతూ ఒక వ్యాసం రాసి, ఊళ్లోని వారపత్రిక సంపాదకుడి చేతికిచ్చాను. ఆ సాయంత్రమే పత్రిక అచ్చుకెక్కాలి. ఆయన చదువుతున్నంతసేపూ నేను కూర్చోలేకపోయాను.

“ఒరే లాయరూ, కాలేజీలో ఏ పక్షమొస్తే ఆ పక్షం మాటాడతావట?”

“చీటీలో ఏది వస్తే అది, మేష్టారూ.”

“సీటీ నేను తీసినాను. నీకు కండక్టరు పక్షమొచ్చినాది. మాటాడు.”

“అన్యాయాన్ని సమర్థించమంటారా?”

“సమర్థించమన్లేదురా. ఆడెందుకు దించీసినాడో సెప్పమన్నాను.”

అక్షరాలు పేర్చే కంపోజిటరు లోపల్నుంచి కేకేశాడు: “బేగి తేల్చండి బాబూ! వాదన మీది, ఆలీసం నాకు!”

ఆ ఇరుకు గదిలో పచార్లు చేశాను. కండక్టరు ఎందుకు దించుతాడు? వాసనంటూ ప్రయాణికులు గోల పెడతారు కనుక. ఎవరా ప్రయాణికులు? మధ్యాహ్నం అదే గంప చుట్టూ మూగి, కోనాం చేప కోసం బేరమాడే మన ఊరివాళ్లే. వ్యాసం మళ్లీ తిరగేశాను. వాళ్లు ఎక్కడా లేరు. కండక్టరొక్కణ్ణే బోనెక్కించాను.

“ఆ ముక్క మీరే చేర్చెయ్యండి, మేష్టారూ. వేళయిపోతోంది.”

“నాను సేరిస్తే నాదవుతాది. కూకో, రాయి.” ఆయన లోపలికి తిరిగి, “ఒరే, ముందు సినిమా ప్రకటన కట్టీ. పేజీలో ఒక కాలమ్ ఈడికోసం ఖాళీగా ఆపు” అన్నారు.

రాశాను, కొట్టేశాను, మళ్లీ రాశాను. బస్సులో కిటికీ వైపు ముఖం తిప్పుకున్న పెద్దమనుషులు కాగితం మీదికొచ్చారు. సమాజాన్ని మేలుకొమ్మంటూ ముగించిన పేరా మాత్రం నాకు ప్రాణం. ఆయన దాని మీద వేలు పెట్టి, “ఇది ఉండాలేటి?” అని అడిగారు. ఉండాలన్నాను. అలాగే లోపలికి పంపారు. అచ్చులో చూసినప్పుడు ఆ పేరా కేకలా వినిపించింది. తర్వాతి వ్యాసంలో అలాంటిది రాయడానికి నాకే చెయ్యి రాలేదు.

పత్రికలు నడిపేవారికీ పాఠాలు చెప్పేవారికీ నా విన్నపం ఇది. ఈ వారం మీ బల్ల మీదికి ఎవరి తొలిరాత వచ్చినా, మీరే దిద్ది పంపేయకండి. రాసినవారిని పిలిపించండి. అందులో కనబడని మనిషి ఎవరో అడగండి. వారు తిరిగి రాసి తెచ్చేదాకా కాస్త చోటు ఆపి ఉంచండి.